బోధనలో ఆటలు: ఏలూరు, కొల్లేరు ప్రాంతం

పాఠం నేర్పడానికి తరగతి గదిలో ఆడించే ఆటలు రెండు రకాలు. ఆట నియమంలోనే పాఠం ఇమిడి ఉండేవి ఒక రకం. మామూలు ప్రశ్నలకు పాయింట్లు, చప్పట్లు తగిలించి ఆటగా మార్చినవి రెండో రకం. చదివినదాన్ని మళ్లీ గుర్తు చేసుకోవడానికి రెండోది చాలు. కొత్త భావన పట్టుబడాలంటే మొదటిదే కావాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం వీధి అరుగుల మీద, కొల్లేటి లంక గ్రామాల్లో పెద్దలూ పిల్లలూ ఆడుతూ వచ్చిన ఆటల్లో చాలావరకు మొదటి రకానివే.

గణితానికి వీటిలో బాగా అక్కరకొచ్చేది అష్టాచెమ్మా. అయిదు వరుసల్లో అయిదేసి గళ్లు, నాలుగు గవ్వలు. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా గచ్చు మీద అరగదీస్తారు. ఒకటి వెల్లకిలా పడితే ఒక గడి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. చిన్న తరగతుల వారికి ఇది లెక్కింపు, కూడిక. హైస్కూల్లో ఇదే సంభావ్యత పాఠం అవుతుంది. పిక్క ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు పిక్కలు పడే తీరులు 16. వాటిలో రెండు వచ్చేవి 6, ఒకటి వచ్చేవి 4, మూడు వచ్చేవి 4, చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. పందెం సగటు 2.5 గళ్లు. 160 పందేలు వేసి పట్టిక రాస్తే రెండు 60 సార్లు, చెమ్మా అష్టా పదేసి సార్లు రావాలి. వేసి చూస్తే అలా రావు. అరగదీసిన పిక్క నాణెమంత సమంగా పడదు. ఆ తేడా పిక్కలో ఉందా, వేసిన సార్లు చాలకనా అన్న ప్రశ్న పిల్లల నోట వచ్చిందంటే ఆట తన పని చేసినట్లే.

వామనగుంటల్లో రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. గుంటకు అయిదేసి గింజలు వేస్తే మొత్తం 70. పంచుకుంటూ పోయేటప్పుడు చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టాలి. భాగహారంలో శేషం అనే మాట వినకముందే పిల్లలు దాన్ని చేత్తో చేసేస్తారు. పులి-మేక వ్యూహానికి మంచిది. వైకుంఠపాళి అంతా అదృష్టమే గనుక సంఖ్యల వరుస తప్ప అది నేర్పేది తక్కువ.

ఆ వరుస కూడా ఊరికే రాదు. అమెరికాలో పరిశోధకులు సీగ్లర్, రమణి 2008లో ప్రచురించిన ప్రయోగంలో ఒకటి నుంచి పది దాకా అంకెలున్న గళ్ల మీద ఆడిన పేద పిల్లలు సంఖ్యల్లో ముందంజ వేశారు. అదే ఆటను అంకెలకు బదులు రంగులతో ఆడినవారికి ఆ లాభం దక్కలేదు. ఢిల్లీ బాలవాడీల్లో జరిపి 2017లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనదీ దగ్గరి మాటే. గణిత ఆటలు పిల్లల సహజమైన అంచనా శక్తిని చాలాకాలం నిలిచేలా పెంచాయి గానీ బడిలో నేర్పే లెక్కలకు అది అక్కరకు రాలేదు. ఆటను పలక మీది అంకెతో కలిపే పని ఉపాధ్యాయుడిదే.

ఆడించి, చేయించి నేర్పే ఈ ధోరణి ఆంధ్రప్రదేశ్‌లో కొత్తది కాదు. బ్రిటన్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చేసి నేర్చుకోవడాన్ని, స్థానిక పరిసరాలను వాడుకోవడాన్ని తన ఆరు సూత్రాల్లో చేర్చింది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డులు, నిచ్చెన పటంతో ఒక పద్ధతిని రూపొందించింది. 2020 జాతీయ విద్యా విధానం పునాది దశను ఆటపాటల ఆధారంగా నడపాలంది. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో ఆటవస్తువుల పెట్టె వచ్చింది.

పరిసరాల విజ్ఞానానికి కొల్లేరే పాఠ్యవస్తువు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు మీద వేట, చెరువుల తవ్వకం, పక్షుల నెలవు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. 2006లో అభయారణ్యంలోని అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. ఇలాంటి చిక్కుకు తగిన ఆట డెన్నిస్ మెడోస్ రూపొందించిన ఫిష్ బ్యాంక్స్. దాని సారం చింతపిక్కలతోనూ ఆడించవచ్చు. మధ్యలో చేపలుగా 20 పిక్కలు, చుట్టూ అయిదుగురు. ఏటా ఒక్కొక్కరు తమకు నచ్చినన్ని తీసుకుంటారు, మిగిలినవి రెట్టింపవుతాయి, 20 దాటవు. తలా రెండు తీసుకుంటే సరస్సు ఎప్పటికీ నిండుగానే ఉంటుంది. తలా మూడు తీస్తే రెండో ఏటికి 10 మిగులుతాయి, ఆ ఏడు అందరికీ మూడేసి రావు. మాటలు నిషేధించి ఒకసారి, మాట్లాడుకోనిచ్చి మరోసారి ఆడిస్తే ఒప్పందానికి ఉన్న విలువ లెక్కల్లో కనిపిస్తుంది. అయితే ఈ నియమం అందరూ వేటాడుకునే సరస్సుకే చెల్లుతుంది. చేపపిల్లను కొని వదిలి మేత వేసి బొచ్చె, శీలావతి పెంచే చెరువుకు చెల్లదు. ఆ ప్రాంతపు పిల్లలకు ఈ తేడా చెప్పకపోతే వాళ్లే పట్టుకుంటారు.

ఓడినవారిని బయటకు పంపే ఆటలు తరగతికి పనికిరావు. సాధన ఎక్కువ అవసరమైన పిల్లే మొదట ఔటై గోడ పక్కన కూర్చుంటుంది. ఎక్కాల పోటీలను జట్లుగా, అందరికీ వంతు వచ్చేలా నడిపితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. నలభై మంది ఉన్న గదిలో నలుగురేసి చొప్పున పది గుంపులు చేసి, గచ్చు మీద సుద్దముక్కతో పది పటాలు గీస్తే సరిపోతుంది. పీరియడ్‌లో చివరి పది నిమిషాలు మాత్రం ఆట ఆపి, ఎవరు ఏ ఎత్తు ఎందుకు వేశారో చెప్పించి నోటుపుస్తకంలో రాయించడానికి కేటాయించాలి.