భోగ్యం, చీటీ, పొదుపు సంఘం: మా చిన్నమ్మ అడిగిన లెక్క

పోయిన సంక్రాంతికి పాణ్యం పోయినప్పుడు మా చిన్నమ్మ అడిగింది. "ఇల్లు కొన్నావంట గదా నాయనా, అప్పు ఎన్నేండ్లకు తీరుతాదంట?" ఇరవై ఏళ్లు అన్నాను. "ఇరవయ్యా! మా రెండెకరాలు ఎనిమిదేండ్లకు ఇడిపించుకుంటేనే ఊరంతా నవ్వినారు" అనేసి పొయ్యి దగ్గరికి పోయింది.

నాకు మాత్రం ఆ రోజంతా బుర్రలో అదే తిరిగింది. నలభై లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు. ఈఎంఐ 34,713 రూపాయలు. మొదటి నెల కట్టినదాంట్లో 28,333 వడ్డీకే పోతుంది, అసలు కింద జమ అయ్యేది 6,380. మొత్తం కట్టేది 83 లక్షల పైచిలుకు. రోజూ ఎక్సెల్ తో కుస్తీ పట్టే మనం, సంతకం పెట్టే రోజు ఈ షీట్ మాత్రం తెరవం. అదేం విచిత్రమో.

చిన్నమ్మ వాళ్లది ఈఎంఐ కాదు, భోగ్యం. తెలియనివాళ్లకి చెప్తాను. పొలం పెట్టి డబ్బు తీసుకుంటారు. అప్పిచ్చినాయన వడ్డీ అడగడు, పొలం తనే దున్నుకుని పంట తినేస్తాడు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఎన్నేళ్లు గడిచినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. లూప్ లోంచి బయటపడే కండిషన్ ఒక్కటే: మొత్తం డబ్బు ఒకేసారి తెచ్చి చేతిలో పెట్టడం. పొలమే లేనివాడికి అంత డబ్బు ఒకేసారి ఎక్కడ్నించి వస్తుంది? ఇంకొకరి పొలానికి కూలికి పోతే పూట గడుస్తుంది, అసలు పోగవదు.

చట్టం ఏమంటుందో చూద్దామని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తిరగేశాను. అరవయ్యో సెక్షన్ ప్రకారం తనఖా పెట్టినవాడికి ఆస్తిని విడిపించుకునే హక్కు ఉంది. ఆ హక్కుని అడ్డుకునే షరతు పత్రంలో రాయించుకున్నా చెల్లదు. అయితే అందులో ఒక మెలిక ఉంది, అసలు గడువు వచ్చాకే ఆ హక్కు పుడుతుంది. అంటే ముందే తీర్చేస్తానంటే వద్దు పొమ్మనే వీలు అప్పిచ్చినవాడికి మొదట్నించీ ఉంది. మన బ్యాంకులు ముందస్తు చెల్లింపు మీద పెనాల్టీ వేసినప్పుడు మనమేదో కొత్త దోపిడీ అనుకున్నాం గానీ, దాని వేర్లు ఇక్కడున్నాయి. చలన వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పులకి ఆ పెనాల్టీ వద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది 2012 లోనే.

రైతుల అప్పుల గోల తెల్లదొరలకీ తెలుసు. మద్రాసు ప్రెసిడెన్సీలో (మన కర్నూలు జిల్లా అప్పుడు అందులోదే) ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి దీని మీద 1895, 1897 లలో రెండు సంపుటాల రిపోర్టు రాశాడు. జర్మనీలో రైఫైజన్ పెట్టిన పల్లె పరపతి సంఘాల్లాంటివి ఇక్కడా రావాలన్నాడు. దాని తర్వాతే 1904 లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. నికల్సన్ జర్మనీ దాకా పోయినా, మద్రాసులోనే అప్పటికి నిధులు ఉన్నాయి. నెలనెలా తలా ఇంత వేసుకుని, అందులోంచి సభ్యులే అప్పు తీసుకుని, పాత వడ్డీ వ్యాపారి పీడ వదిలించుకోవడం. వాటినీ ఆయన వదలకుండా పరిశీలించాడు. మైలాపూర్ హిందూ పర్మనెంట్ ఫండ్ 1872 లో పుట్టింది. ఆ పేరులో పర్మనెంట్ ఎందుకంటే, అంతకు ముందువి కొన్నేళ్లు నడిచి, లెక్క తేల్చుకుని మూసేసేవి కాబట్టి. ఇంగ్లండులో బిల్డింగ్ సొసైటీలూ మొదట అంతే, సభ్యులందరికీ ఇళ్లు అమరగానే దుకాణం కట్టేసేవాళ్లు.

పాత అప్పులు తీర్చి భూములు విడిపించడానికే 1929 లో మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు పెట్టారు. దీర్ఘకాలిక అప్పు, కొద్దికొద్దిగా వాయిదాలు. తొమ్మిదేళ్ల తర్వాత, 1938 లో, రాజాజీ ప్రభుత్వం రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకి ముందు చేసిన అప్పుల మీద పేరుకున్న వడ్డీ కొట్టేశారు, అసలుకి రెట్టింపు ఇప్పటికే కట్టి ఉంటే అప్పే తీరిపోయినట్టు. గొప్ప చట్టమే. కానీ వడ్డీ రేటు రాయని భోగ్యాలు దాని వలలో పడలేదు, వడ్డీ అనే మాటే లేకపోతే దేన్ని కొట్టేస్తారు? ఆ కన్నం పూడ్చడానికి 1948 లో సవరణ కావాల్సి వచ్చింది. అసలు కట్టాల్సినవాళ్ల చేతికి డబ్బు ఎలా రావాలన్నది మాత్రం ఏ సవరణా చెప్పలేదు.

ఆ పని ఊళ్లలో చీటీలు చేశాయి. ఇరవై మంది, నెలకి తలా వెయ్యి, పాటలో ఎక్కువ తగ్గించుకున్నవాడికి ఆ నెల డబ్బు. భోగ్యం విడిపించడానికి చీటీ పాడినవాళ్లు మా ఇళ్లలోనే ఉన్నారు. అవసరం ఎంత ముదిరితే పాటలో అంత నష్టం, అదొక్కటే బాధ.

ఇక పొదుపు సంఘాలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం, 1993 లో సారా నిషేధం, మిగిలిన రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి. రోజుకొక రూపాయి, నెలకి ముప్పై. మా వైపు దీనికి పేరు తెచ్చింది ఓర్వకల్లు. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1990 ల మధ్యలో కర్నూలు, అనంతపురం, మహబూబ్ నగర్ జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం నడిచింది. అందులోంచి పుట్టిందే ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం. ఊరి సంఘాలు, వాటి పైన గ్రామైక్య సంఘం, ఆ పైన మండలం. 2022 లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు పాణ్యం ఇటు, ఓర్వకల్లు కర్నూలు వైపు అయ్యాయి గానీ రెండూ ఒకే రోడ్డు మీదివి, ఒకే పాణ్యం నియోజకవర్గంలోవి. ఇప్పుడు ఓర్వకల్లు అంటే మనవాళ్లకి విమానాశ్రయమే గుర్తొస్తుంది లెండి.

మా చిన్నమ్మది డ్వాక్రా సంఘం, పదిహేను మంది. కూతురి పెళ్లికి 1993 లో రెండెకరాల నల్లరేగడి పద్దెనిమిది వేలకి భోగ్యం పెట్టారు. 2001 లో ఎనుమును అమ్మితే ఆరు వేలు వచ్చాయి. మిగతా పన్నెండు వేలు సంఘం ఇచ్చింది. ఇచ్చింది అని ఒక్క ముక్కలో రాశాను గానీ, అప్పటికి పెట్టెలో అందరికీ సరిపడా డబ్బు లేదు. వంతు వచ్చిన ఇద్దరు తమ అప్పులు వాయిదా వేసుకున్నారు. అందులో ఒకావిడ ఇంటికప్పు ఆ వానాకాలమంతా కారింది. చిన్నమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తుంది.

డబ్బు పట్టుకుపోతే పొలం తింటున్నాయన "ఈ పైరు కోసినాక చూద్దాంలే" అన్నాడట. గడువు ఎప్పుడో దాటిపోయింది, అరవయ్యో సెక్షన్ చిన్నమ్మ వైపే ఉంది, కానీ ఆ సంగతి ఆమెకేం తెలుసు? పదిహేను మందీ పోయి ఆయన వాకిట్లో కూచున్నారు. అరుపుల్లేవు, తిట్లు లేవు. సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది.

సంఘానికి నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం, మన ఇంటి అప్పుకి దాదాపు మూడింతలు! నేను అదిరిపడ్డాను. చిన్నమ్మ నవ్వింది. నెలకి ఐదొందలు అసలు చొప్పున రెండేళ్లలో తీర్చేసింది, మొత్తం వడ్డీ మూడు వేలు. "అది ఎవురికి పోయింది? మా పెట్టెలోకే గదా" అంది. భోగ్యంలో పోయిన ఎనిమిది పంటలు మాత్రం పెట్టెలోకి రాలేదు.

అంతా ఇలాగే సాగిందని అనను. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది, బ్యాంకు అప్పులు పెరిగాయి, వెనకే మైక్రో ఫైనాన్స్ కంపెనీలూ దిగాయి. కట్టలేనివాళ్ల ఇంటి ముందు కూచోవడం అనే అదే పద్ధతిని తోటి సభ్యుల మీదకే తిప్పారు. ఆత్మహత్యల దాకా పోయి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. గుంపు బలం అప్పిచ్చినవాడి వాకిట్లో కూచుంటే ఒకలా, అప్పు తీసుకున్నవాడి వాకిట్లో కూచుంటే ఇంకోలా ఉంటుంది.

తిరిగొచ్చాక లెక్క మళ్లీ వేశాను. నా అప్పులో మొదట్లోనే రెండు లక్షలు అదనంగా కట్టి, ఈఎంఐ తగ్గించకుండా ఉంచితే 28 నెలలు ఎగిరిపోతాయి. ఆఫీసులో నలుగురికి చూపించాను, నలుగురూ అవునన్నారు, ఎవరూ కట్టలేదు. నేనూ కట్టలేదు, అప్పుడే కొత్త ఫోన్ వచ్చింది మరి. చివరికి ఐదుగురం ఒక ఒప్పందానికి వచ్చాం. డబ్బు కలపం, చీటీ కాదు. నెలలో మొదటి శనివారం టీ దగ్గర కూచుని, ఆ నెల అసలు కింద అదనంగా ఎంత కట్టామో బ్యాంకు స్టేట్ మెంట్ తెరిచి చూపించాలి, అంతే. కట్టనివాడు టీ పోయించాలి. మొదటి రెండు నెలలూ నేనే పోయించాను. మూడో నెల నలభై వేలు కట్టాను.