ఎన్‌క్లెక్స్ పాసైతే సరిపోదు.. అమెరికా ఐసీయూలో చోటు దక్కాలంటే నర్సులు ముందే తెలుసుకోవాల్సినవి ఇవే!

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో ఐదారేళ్లు వెంటిలేటర్ పేషెంట్లను చూసిన నర్సు.. అమెరికా వెళ్తే నేరుగా అక్కడి ఐసీయూలోనే ఉద్యోగం వస్తుందా? కొందరికి వస్తుంది. చాలామందికి మాత్రం మెడ్-సర్జ్ అని పిలిచే సాధారణ వార్డులోనో, వృద్ధుల నర్సింగ్ హోంలోనో పని మొదలవుతుంది. ఆపై మెట్టైన నర్స్ అనస్థటిస్ట్ కోర్సుకైతే ఇండియాలో చేసిన ఐసీయూ సర్వీసు అసలు లెక్కలోకే రాదు. ఈ సంగతి ఫ్లైట్ దిగాక తెలిస్తే అప్పటికే కొన్నేళ్లు చేజారిపోయి ఉంటాయి.

లైసెన్స్ దగ్గరే మొదటి మెలిక

అమెరికాలో దేశమంతటికీ కలిపి ఒకే నర్సింగ్ కౌన్సిల్ ఉండదు. ఏ రాష్ట్రంలో పనిచేయాలంటే ఆ రాష్ట్రంలో చెల్లే లైసెన్స్ ఉండాలి. జీఎన్‌ఎం చదివినా, బీఎస్సీ నర్సింగ్ చదివినా ముందు సర్టిఫికెట్ల మదింపు జరుగుతుంది. ఆ తర్వాత ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష. 2023 ఏప్రిల్ నుంచి ఇది కొత్త పద్ధతిలో జరుగుతోంది. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు. సమయం 5 గంటలు. ఈ పరీక్ష హైదరాబాద్‌లోనూ రాయొచ్చు.

కాలిఫోర్నియా బోర్డు ఇంకో విషయం కూడా చూస్తుంది. ఒక సబ్జెక్టు థియరీ క్లాసులు, దానికి సంబంధించిన క్లినికల్ పోస్టింగ్ ఒకే కాలంలో జరిగాయా అని ట్రాన్‌స్క్రిప్ట్‌లో వెతుకుతుంది. ఒక ఏడాది థియరీ, మరో ఏడాది పోస్టింగ్ అని ఉంటే అభ్యంతరం చెబుతుంది. అందుకే ముందే రాష్ట్రాన్ని ఎంచుకుని దరఖాస్తు చేయడం మంచిది.

గ్యాప్ వస్తే కష్టమే

నర్సులకు అమెరికా ఉద్యోగ గ్రీన్‌కార్డు ఎక్కువగా ఈబీ-3 కేటగిరీలో వస్తుంది. నర్సింగ్ ఉద్యోగం షెడ్యూల్-ఏ జాబితాలో ఉంది కాబట్టి లేబర్ సర్టిఫికేషన్ పరీక్ష అవసరం లేదు. అంతవరకు బాగానే ఉంది. అయితే ఇండియాలో పుట్టినవారి క్యూ పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. అందుకే భర్త హెచ్-1బీ మీద వెళ్తుంటే హెచ్-4 వీసాపై వెంట వెళ్లే నర్సులు తెలుగు కుటుంబాల్లో కనిపిస్తుంటారు.

అసలు చిక్కు ఇక్కడే. హెచ్-4పై వెళ్లిన వెంటనే ఉద్యోగం చేయడానికి వీల్లేదు. భర్తకు ఐ-140 ఆమోదం వచ్చాక వర్క్ పర్మిట్‌కు అప్లై చేసుకోవాలి. కొన్ని రాష్ట్రాల బోర్డులైతే సోషల్ సెక్యూరిటీ నంబరు లేనిదే లైసెన్స్ చేతికివ్వవు. ఈలోపు రెండేళ్లో, మూడేళ్లో ఇంట్లోనే గడిచిపోతాయి. ఐసీయూ మేనేజర్లు రెజ్యూమేలో ముందు చూసేది ఇటీవలి బెడ్‌సైడ్ అనుభవాన్నే. ఆరేళ్ల ఐసీయూ అనుభవం, ఆ తర్వాత మూడేళ్ల ఖాళీ ఉన్న నర్సు కంటే నిన్నటిదాకా వార్డులో పనిచేసిన నర్సుకే మొగ్గు ఉంటుంది. అన్యాయమే అనిపించొచ్చు. కానీ రోగి ప్రాణం మీదున్న చోట వాళ్ల లెక్క అలాగే ఉంటుంది.

పని ఒకటే.. తీరు వేరు

ఇక్కడి ఐసీయూల్లో చాలాచోట్ల డ్యూటీ డాక్టర్ పక్కనే ఉంటారు. బీపీ పడిపోతే పిలిస్తే వస్తారు, డోసు మారుస్తారు. అమెరికాలో, ముఖ్యంగా రాత్రి షిఫ్టుల్లో, ఆర్డర్‌లో ఇచ్చిన హద్దుల్లోపల డ్రిప్ పెంచాలా తగ్గించాలా అన్నది నర్సే చూసుకోవాలి. బీపీ సగటు 65కు తగ్గకుండా చూడమని ఆర్డర్ ఉంటే, ఏ నిమిషంలో ఎంత పెంచారో కంప్యూటర్‌లో ఎక్కించాలి. డాక్టర్‌కు ఫోన్ చేస్తే పరిస్థితి, నేపథ్యం, తమ అంచనా, ఏం కావాలి అన్న వరుసలో నాలుగు ముక్కల్లో చెప్పాలి. 'సార్ ఏం చేయమంటారు' అంటే కుదరదు.

మరోవైపు వెంటిలేటర్ సెట్టింగులు అక్కడ ఎక్కువగా రెస్పిరేటరీ థెరపిస్టు చేతిలో ఉంటాయి. ఇక్కడ వెంటిలేటర్ బాగా చూసినవారికి ఇది వింతగా అనిపిస్తుంది. మందుల పేర్లూ మారతాయి. నోరడ్రినలిన్ అక్కడ నోర్ఎపినెఫ్రిన్, వాడుకలో లీవోఫెడ్. పారాసిటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్. చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి కానీ, ఇంటర్వ్యూలో తడబడేది ఇక్కడే.

కాలిఫోర్నియాలో ఒక ఐసీయూ నర్సుకు ఇద్దరికి మించి రోగులను ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు.

వార్డు నుంచి ఐసీయూకు..

ఎక్కువ మంది వెళ్లే దారి ఒక్కటే. ముందు మెడ్-సర్జ్, తర్వాత స్టెప్-డౌన్ యూనిట్, అక్కడి నుంచి అదే ఆసుపత్రి ఐసీయూకు అంతర్గత బదిలీ. బయటి నుంచి అప్లై చేయడం కంటే లోపలి నుంచి మారడం తేలిక, ఎందుకంటే మేనేజర్‌కు ఆ నర్సు పని అప్పటికే తెలిసి ఉంటుంది. నైట్ షిఫ్టుకు ఒప్పుకుంటే అవకాశాలు పెరుగుతాయి. ఏసీఎల్‌ఎస్ సర్టిఫికెట్ ముందే చేసి పెట్టుకోవాలి.

క్రిటికల్ కేర్‌లో గుర్తింపు ఉన్న పరీక్ష సీసీఆర్‌ఎన్. దీనికి గత రెండేళ్లలో 1,750 గంటలు క్రిటికల్ కేర్‌లో పనిచేసి ఉండాలి. అందులో 875 గంటలు చివరి ఏడాదిలోనివై ఉండాలి. అమెరికా లైసెన్స్ తప్పనిసరి. జేసీఐ అక్రెడిటేషన్ ఉన్న విదేశీ ఆసుపత్రిలో చేసిన గంటలను కూడా దీనికి పరిగణిస్తారు. అంటే ఇక్కడి సర్వీసు కొంతైనా అక్కరకొచ్చే చోటు ఇది. కాకపోతే పాతబడకూడదు.

నర్స్ అనస్థటిస్ట్ కల.. సున్నా నుంచి లెక్క

ఇండియాలో మత్తు ఇచ్చేది డాక్టరే. అమెరికాలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులూ ఇస్తారు. వీరినే సీఆర్‌ఎన్‌ఏ అంటారు. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2023 మేలో వీరి మధ్యస్థ వార్షిక వేతనం 2 లక్షల 12 వేల డాలర్లు దాటింది. అదే రిజిస్టర్డ్ నర్సులది 86 వేల డాలర్లు. అందుకే సీటుకు పోటీ అంత తీవ్రం.

అడ్మిషన్‌కు కనీసం ఏడాది ఐసీయూ అనుభవం కావాలి. ఆ ఏడాది అమెరికాలోనో, దాని అధీన ప్రాంతాల్లోనో, విదేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రిలోనో చేసి ఉండాలి. హైదరాబాద్‌లో పదేళ్లు చేసినా ఈ నిబంధనకు సరిపోదు. పైగా డిగ్రీ కావాలి కాబట్టి జీఎన్‌ఎం మాత్రమే ఉన్నవారు ముందు బీఎస్సీ పూర్తిచేయాలి. 2022 నుంచి కొత్తగా చేరేవారందరికీ ఇది డాక్టరేట్ స్థాయి కోర్సు, కనీసం మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం. ఫెడరల్ స్టూడెంట్ లోన్ హెచ్-4, ఎఫ్-1 వీసాలవారికి రాదు. ఇంటి ఖర్చు, ఫీజు రెండూ భర్త జీతం మీదో, ప్రైవేటు అప్పు మీదో నడవాలి. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగుదామంటే వయసు ఆగదు. కుటుంబాల్లో చర్చంతా ఈ దగ్గరే తెగదు.

సంతకం పెట్టేముందు..

ఏజెన్సీ ద్వారా వెళ్లేవారు కాంట్రాక్టులో యూనిట్ పేరు రాసి ఉందో లేదో చూసుకోవాలి. 'ఐసీయూ ఇప్పిస్తాం' అన్న నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, అదే ఆసుపత్రిలో వేరే యూనిట్‌కు మారనిస్తారా అన్నవి కాగితంపై ఉండాలి.

ఇక్కడి ఉద్యోగం మానేముందు హెచ్ఆర్ నుంచి తీసుకునే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో 'స్టాఫ్ నర్స్' అని మాత్రమే ఉంటే అక్కడ పెద్దగా పనికిరాదు. ఏ ఐసీయూ, ఎన్ని పడకలు, ఎలాంటి రోగులు, వెంటిలేటర్, ఆర్టీరియల్ లైన్, సీఆర్‌ఆర్‌టీ వంటివాటిలో వేటిపై పనిచేశారు, వారానికి ఎన్ని గంటలు అన్నవి తేదీలతో రాయించుకోవాలి. రిజైన్ చేసి ఊరు దాటాక ఆ లెటర్ మార్పించడం ఎంత కష్టమో అందరికీ తెలిసిందే.