నారికురుపు నుంచి ఫోన్ డాక్టరు దాకా

కడుపులో పురుగుల వ్యవహారం ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ల శాఖే. పిల్లవాడు రాత్రిపూట కింద దురద అని ఏడ్చినా, ఎంత తిన్నా ఒళ్లు పట్టకపోయినా, మట్టి తింటూ కనబడినా ముందు అనుమానం వచ్చేది మనకే. మాత్ర నమిలించేదీ మనమే. ఈ నాలుగైదేళ్లలో ఆ శాఖలోకి కొత్తగా ఫోన్ డాక్టరు వచ్చి చేరాడు. ఇంట్లో కూర్చుని మాట్లాడితే మందుచీటీ ఫోన్‌కే వస్తుంది. "అక్కా, పురుగులకు ఫోన్‌లో మందు రాయించుకుంటే సరిపోతుందా?" అని మా తోడికోడలు మొదలుకొని చాలామంది నన్ను అడుగుతున్నారు. దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేను. ఈ పురుగులతో మన సీమ పడిన పాట్లు కొన్ని చెబితే జవాబు దానంతటదే వస్తుంది.

మాది మంగంపేట. ముగ్గురాయి గనుల ఊరంటే ఎక్కువమందికి తెలుస్తుంది. జ్వరం, దగ్గు అయితే దగ్గర్లోనే చూపించుకుంటాం. పెద్ద డాక్టరు కావాలంటే కడపో తిరుపతో పోవాలి. పోను రాను బస్సు చార్జీలు, ఒక రోజు కూలీ పోతాయి. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలన్న బాధ ఉండనే ఉంది. ఫోన్ డాక్టరు మాకు ఎందుకు ముద్దొచ్చాడో దీన్నిబట్టే తెలుస్తుంది.

మా జేజిది కర్నూలు వైపు ఊరు. ఆ ఊళ్లో తాగడానికి దిగుడు బావి ఒక్కటే దిక్కు. మెట్లు దిగి, నీళ్లలో కాళ్లు పెట్టి బిందె ముంచుకోవాలి. ఎండాకాలం నీళ్లు అడుగంటేకొద్దీ ఇంకా కిందికి దిగాలి. అలాంటి బావులున్న ఊళ్లలోనే నారికురుపు ఉండేది. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. బావి నీళ్లలో కంటికి ఆనీ ఆననంత చిన్న నీటిపురుగు ఉంటుంది. దాని పేరు సైక్లాప్స్. దాని ఒంట్లో నారిపురుగు పిల్ల ఉంటుంది. ఆ నీళ్లు తాగిన మనిషికి ఏడాది దాకా ఏమీ తెలియదు. ఆ తరువాత కాలి మీద బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది. మంట చల్లారడానికి ఆ మనిషి కాలు నీళ్లలో పెడితే, లోపలి ఆడపురుగు వేల పిల్లల్ని ఆ నీళ్లలోకి వదులుతుంది. బావి మళ్లీ మొదటికి వస్తుంది.

బొబ్బ పగిలాక పురుగు తల కనబడేది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త లాగాలి. పురుగు మీటరు దాకా పొడవుంటుంది గనక పూర్తిగా బయటికి రావడానికి వారాలు పట్టేది. తొందరపడి తెంపితే కాలు వాచి చీము పట్టేది. "ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే ఆ ఏడు సేద్యం ఎత్తిపోయినట్లే" అనేది జేజి. ఆ పురుగును చంపే మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అయినా మన దేశంలో పూర్తిగా మాయమైన పరాన్నజీవి జబ్బు ఇదే. ప్రభుత్వం 1983-84లో నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పట్లో దేశం మొత్తం మీద ఏడాదికి దాదాపు 40 వేల కేసులు. దిగుడు బావులను చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, సైక్లాప్స్ చావడానికి బావుల్లో టెమిఫాస్ అనే మందు కలిపారు. కాలికి పురుగు వచ్చినవాళ్లను బావిలో దిగనివ్వలేదు. తాగే నీళ్లను గుడ్డలో వడగట్టమని ఇంటింటికీ తిరిగి చెప్పారు. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లో వచ్చింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ జబ్బు లేదని ధ్రువీకరణ ఇచ్చింది.

చెప్పేవాళ్లు ఊరూరా వచ్చి చెప్పారు, బావులు ప్రభుత్వం బాగు చేసింది. పూటపూటకూ బిందె మూతికి గుడ్డ కట్టి వడగట్టింది మాత్రం మా జేజిలాంటి ఆడవాళ్లు. అక్కడ వైద్యం జరిగింది బావికి, బిందెకు. మాత్ర లేకుండానే గెలిచారు.

మందులున్న పురుగులతో మన కథ వేరేగా నడిచింది. గనుల ఊరిదాన్ని కాబట్టి కొంకిపురుగు సంగతి ముందు చెబుతాను. 1880లో స్విట్జర్లాండ్‌లో గొథార్డ్ సొరంగం తవ్వే కూలీలు రక్తం లేక పాలిపోయి పడిపోతుంటే, దానికి కారణం పేగుల్లో ఉన్న కొంకిపురుగని తేలింది. తేమ నేలలో, మలం కలిసిన మట్టిలో ఈ పురుగు పిల్లలు బతుకుతాయి. చెప్పుల్లేని కాళ్ల చర్మంలోంచి లోపలికి దూరి, చివరికి పేగును పట్టుకుని రక్తం తాగుతాయి. మా గనులు ఆకాశం కింద తవ్వేవి, ఎండకు మాడే నేల, కాబట్టి ఆ సొరంగంలాంటివి కావు. కానీ రోజూ నీళ్లు పారే అరటితోటలో వట్టికాళ్లతో పనిచేసే మనిషికి, అక్కడే బహిర్భూమికి కూడా పోతుంటే, ఆ ప్రమాదం ఉంటుంది.

1920లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో కొంకిపురుగు మీద సర్వే మొదలుపెట్టారు. మన కడప, కర్నూలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ఆ రోజుల్లో కొంకిపురుగుకు వాడినవి చీనోపోడియం నూనె, కార్బన్ టెట్రాక్లోరైడ్. రెండోది కాలేయాన్ని పాడుచేసే విషం. ఏలికపాములకు శాంటోనిన్ ఇచ్చేవారు. అది తిన్న పిల్లలకు లోకమంతా పసుపు పచ్చగా కనబడేది. ఆ పైన ఆముదం తాగించేవారు. ఇక ఇళ్లలో వాయువిడంగాలు, వేపాకు ఎలాగూ ఉండేవి. మందే విషంలాంటిది కాబట్టి రోగిని చూడకుండా ఇవ్వాలంటే భయపడేవాళ్లు.

ఆ భయం పోగొట్టినవాళ్లలో మన తెలుగాయనా ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనలు నడిపించాడు. అక్కడి నుంచి 1947లో బోదకాలు పురుగుకు మందు బయటికి వచ్చింది. హెట్రజాన్ పేరుతో అమ్మిన డైఇథైల్ కార్బమజైన్ అదే. మరుసటి ఏడే ఆయన పోయాడు. బోదకాలు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి, జబ్బు ఉన్నా లేకున్నా అందరిచేతా ఏటా మింగించే మాత్రల్లో అది నేటికీ ఉంది.

తరువాత 1970లలో ఆల్బెండజోల్ వచ్చింది. ఇప్పుడు బడిలో, అంగన్‌వాడీలో పిల్లలు చప్పరించి నమిలే మాత్ర అదే. 2015లో మొదలైన నులిపురుగుల దినం పేరుతో ఇప్పుడు దేశమంతా ఇస్తున్నారు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 దాని తేదీలు. రెండేళ్లు దాటినవాళ్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు సగం. బడిలో ఒక్క పిల్లవాడిని పరీక్ష చేసి ఇవ్వరు, అందరికీ ఒకేరోజు ఇస్తారు. ఒకరికి వేసి పదిమందిని వదిలేస్తే ఆ పదిమంది నుంచి మళ్లీ అంటుకుంటుంది కాబట్టి.

ఇక డాక్టరు దూరం తగ్గిన కథ. ఇందులోనూ సీమకు వాటా ఉంది. చిత్తూరు జిల్లా అరగొండ అపోలో ఆసుపత్రుల ప్రతాప్ సి. రెడ్డి గారి సొంతూరు. అక్కడి ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా పట్నం డాక్టర్లతో కలిపారు. 2000 మార్చి 24న హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ప్రారంభించాడు. దేశానికి నారికురుపు లేదన్న ధ్రువీకరణ వచ్చిన మరుసటి నెలే అది. ఆ తరువాత చాలా ఏళ్లు టెలిమెడిసిన్ అంటే ఆసుపత్రిలో పెట్టిన పెద్ద తెర అనే అనుకున్నాం. దాన్ని చేతిలోకి తెచ్చింది కరోనా. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ నిబంధనలు విడుదల చేసింది. ఏప్రిల్ 13న మన రాష్ట్రంలో 14410 నంబరు మొదలైంది. ఇ-సంజీవనిలో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే వసతి కూడా ఆ నెలలోనే వచ్చింది.

ఆ నిబంధనల్లో మనకు పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. డాక్టరు తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పాలి, చీటీ మీదా అవి ఉండాలి. రోగి వయసు అడగాలి. పిల్లలకైతే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూసి తీరాలి. గజ్జికి పూసే బెంజైల్ బెంజోయేట్ లోషన్ ఆ జాబితాలోదే. ఫోన్‌లో తేలని జబ్బైతే నేరుగా వచ్చి చూపించుకోమని డాక్టరు చెప్పాలి.

గజ్జి కూడా పరాన్నజీవి జబ్బే. కంటికి సరిగ్గా కనబడని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. పోయిన చలికాలం మా తోడికోడలి చిన్నకొడుక్కి దురద పట్టింది. ఒక యాప్‌లో డబ్బు కట్టి మాట్లాడింది. వీడియో లేదు, మాట మాత్రమే. రెండు నిమిషాల్లో ఏదో పూతమందు, దురద మాత్ర రాశారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడగనే లేదు. మూడు వారాలకు ఆమెకూ, మా మరిదికీ, పక్కన పడుకునే అత్తకూ పట్టుకుంది.

తరువాత ఊళ్లోని హెల్త్ క్లినిక్‌కు పోయారు. అక్కడి నర్సమ్మ ఇ-సంజీవనిలో ఒక డాక్టరమ్మను కలిపింది. ఆమె వీడియోలో వేళ్ల సందులు, మణికట్టు, నడుము చూపించమంది. రాత్రి దురద ఎక్కువా, ఎవరు ఎవరి పక్కన పడుకుంటారు, దుప్పట్లు ఎన్ని, ఇంట్లో గర్భిణి ఉందా, పసిబిడ్డ ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు పూసుకోవాలంది. మొదటిసారి గజ్జి అంటుకున్నవాళ్లకు దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందట. అంటే బాగున్నాననుకునే మనిషి దగ్గరా పురుగు ఉండొచ్చు. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయమంది. పురుగు చచ్చినా కొన్ని వారాలు దురద ఉంటుంది, భయపడి మళ్లీ మళ్లీ పూయొద్దని కూడా చెప్పింది. నెలకు ఇల్లంతా తేరుకుంది.

రెండుసార్లూ వైద్యం ఫోన్‌లోనే జరిగింది. మొదటిదానికి కనబడింది ఒక్క పిల్లవాడు, రెండోదానికి కనబడింది ఇల్లు. నారికురుపు నాటి నుంచి నులిపురుగుల దినం దాకా పురుగుల చరిత్ర చెప్పేది ఇదే. బావినో బడినో ఇంటినో మొత్తంగా పట్టించుకున్న చోటే పురుగు పోయింది.

ఫోన్ తెర ఎప్పుడూ ఒక్క మనిషినే చూపిస్తుంది. మిగతా ఇంటిని డాక్టరుకు చూపించగలిగేది మనమే. అందుకే ఫోన్ చేసే ముందు నేను ఒక కాగితం మీద రాసుకుంటాను. ఇంట్లో ఎందరు, ఒక్కొక్కరి వయసు, బరువు. ఎవరైనా గర్భిణా, ఎన్నో నెల. తాగే నీళ్లు ఎక్కడివి. పొలంలో వట్టికాళ్లతో తిరిగేది ఎవరు. నులిపురుగుల మాత్ర చివరిసారి ఎప్పుడు వేశాం. ఇప్పుడు వాడుతున్న మందులేమిటి. గర్భిణికి మొదటి మూడు నెలల్లో ఆల్బెండజోల్ ఇవ్వరు, అందుకే అడగకపోయినా ఆ సంగతి చెప్పాలి. ఒకరి పేరు మీద వచ్చిన చీటీతో ఇంకొకరికి వాడకూడదు. బరువు, వయసు మారితే మోతాదూ మారుతుంది. ఇంట్లో నలుగురికి మందు కావాలంటే నలుగురి సంగతీ డాక్టరుకు చెప్పి నలుగురికీ రాయించుకోవాలి.

ఫోన్‌తో ఆపేయకూడనివీ ఉన్నాయి. మూర్ఛ వచ్చిన మనిషికి బద్దెపురుగు పిల్లలు మెదడులో చేరి ఉండొచ్చు. అక్కడ స్కాను తీయకుండా పురుగుల మాత్ర వేస్తే మెదడు వాచి మూర్ఛ పెరిగే ప్రమాదం ఉంది. ముఖం పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే ఆడమనిషికి రక్తపరీక్ష కావాలి. కొంకిపురుగును అలాగే ఉంచి ఇనుము మాత్రలు మాత్రమే మింగితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. చలితో వచ్చే జ్వరానికి మలేరియా పరీక్ష చేయించాలి. పసిబిడ్డల్ని నేరుగా చూపించాలి.

మా తోడికోడలికి నేను చెప్పింది ఇంతే. ఫోన్ డాక్టరు దగ్గరికి నిక్షేపంగా పో. కానీ ఒంటరిగా పోవద్దు, ఇంటిల్లిపాదినీ, నీళ్ల బిందెనూ, దుప్పట్లనూ వెంటబెట్టుకుని పో. ఆయన అడగకపోతే నువ్వే చెప్పు. చెప్పినా వినకుండా రెండు నిమిషాల్లో చీటీ రాసే డాక్టరైతే, ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు పోకుండా ఇంకో డాక్టరును అడుగు.