మంచినీళ్ల బావికి కాపలా ఎవరు?

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు చాలా ఊళ్లలో రెండు రకాల బావులు కనిపిస్తాయి. ఒకటి తోట బావి, రెండోది మంచినీళ్ల బావి. నల్లరేగడి నేల కాబట్టి చాలా చోట్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకే తియ్యనీళ్లు పడిన బావి ఊరికి ప్రాణం లాంటిది. ఆ బావిని మన పెద్దలు దేని నుంచి కాపాడారు, మనం దేని నుంచి కాపాడాలి అన్నదే ఈ వ్యాసం.

విజయనగర రాజుల కాలంలోనూ ఆ తరువాతా ఎందరో తెలుగువాళ్లు దక్షిణానికి వచ్చి ఈ నేలలో స్థిరపడ్డారు. ఈ నేలను తమిళంలో కరిసల్ అంటారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో మాట్లాడింది తెలుగే. ఆ వలస కథనే ఆయన 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా రాశారు. ఇక్కడ పెద్ద పంట పత్తి. 1901లోనే కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం మొదలైంది. కరుంగణ్ణి అనే నాటు పత్తి వాననీటితోనే పండేది. అప్పట్లో విరుదుపట్టి అని పిలిచిన విరుదునగర్ పత్తి వ్యాపారానికి పేరు పొందింది.

ఆ రోజుల్లో బావి దగ్గర కట్టుబాట్లు ఎక్కువ. మా అవ్వ చెబుతుంది: "బావి గట్టు మీదికి చెప్పులతో పోరాదు. అక్కడ బట్టలు ఉతకరాదు, పశువుల్ని కడగరాదు." ఇవి మంచి కట్టుబాట్లే. కానీ ఇంకొకటి కూడా ఉండేది. దాని గురించి అడిగితే అవ్వ కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, "కొందరిని బావి తాకనిచ్చేవాళ్లు కాదు. వాళ్లు దూరంగా కడవ పెట్టి నిలబడితే మనవాళ్లు నీళ్లు పోసేవాళ్లు" అంది. ఇలాంటి అన్యాయం దేశమంతటా ఉండేది. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహారాష్ట్రలోని మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి దాన్ని ఎదిరించారు. మన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

మనుషుల చెయ్యి తగిలితే బావి చెడిపోతుందని అనుకున్నారు. నిజంగా బావిని చెడగొట్టేది మాత్రం వేరే దారిలో వచ్చింది.

డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పాల్ ముల్లర్ కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అలాంటి మందులు పొలాల్లోకి వచ్చాయి. పత్తికి పురుగు ఎక్కువ కాబట్టి మందు కూడా ఎక్కువే కొట్టారు. 1958లో కేరళలో పారాథియాన్ అనే మందు ఆహార పదార్థాల్లో కలిసి వందమందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటన తరువాత విచారణ జరిగి, 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది.

మందు బావిలోకి ఎలా చేరుతుంది? ఎండాకాలంలో నల్లరేగడి నేల నెర్రెలు విచ్చుతుంది. మొదటి వాన పడగానే, నేల మీద ఉన్న మందు ఆ నెర్రెల గుండా నీళ్లతో పాటు లోపలికి దిగిపోవచ్చు. అంతకన్నా దగ్గరి దారి ఇంకొకటుంది. మందు కొట్టే డబ్బాను బావి దగ్గర కడగడం, అదే చేదతో మందు కలపడం. మా నాయన కూడా అలా కడగడం నేను చూశాను. ఆయనకు తెలియక చేశాడు.

చిన్న లెక్క వేసి చూద్దాం. తాగే నీళ్లలో మోనోక్రోటోఫాస్ అనే మందు లీటరుకు 1 మైక్రోగ్రాము దాటకూడదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఒక గ్రాములో 10 లక్షల మైక్రోగ్రాములు ఉంటాయి. 3 మీటర్ల వెడల్పు గుండ్రటి బావిలో 5 మీటర్ల లోతు నీళ్లుంటే సుమారు 35,000 లీటర్లు. అందులో ఒక్క గ్రాము మందు కలిసినా లీటరుకు 28 మైక్రోగ్రాములకు పైగా అవుతుంది. అంటే హద్దుకు 28 రెట్లు! నీళ్లు తేటగానే ఉంటాయి. కాచినా క్లోరిన్ వేసినా క్రిములు చస్తాయి కానీ మందు పోయిందని నమ్మలేము.

మరి దారే లేదా? ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల కూడా పత్తి పండించే ఊరే. మందులకు అప్పులు చేసి, ఆరోగ్యాలు పాడు చేసుకున్న అక్కడి రైతులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు వాడటం నేర్చుకున్నారు. మహిళా సంఘాలు ముందు నిలిచాయి. 2004 నాటికి ఊరంతా రసాయన మందులు మానేసింది. ఊరంతా ఒక్కమాట మీద ఉంటే ఏం జరుగుతుందో వాళ్లు చూపించారు.

మనమూ ఒక కొత్త కట్టుబాటు పెట్టుకోవచ్చు. బావికి ఎత్తైన గట్టు, చుట్టూ సిమెంటు తిన్నె, మురుగు దూరంగా పోయే కాలువ ఉండాలి. మందు కలపడం, డబ్బా కడగడం బావి దగ్గర చేయరాదు. ఖాళీ సీసాలు బావిలోనో ఊరణిలోనో వేయరాదు. ఆ సీసాలను, డబ్బాలను కడిగి ఇంట్లో నీళ్లకు వాడరాదు. ఏడాదికి ఒకసారైనా నీళ్లను పరీక్షకు పంపమని పంచాయతీని అడగాలి.

ఈ వ్యాసం రాసేముందు మా నాయనకు ఆ లెక్క చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇకమీద డబ్బా చేను దగ్గరే కడుగుతాలే, బావికాడికి తీసుకురాను" అన్నాడు. అవ్వ పక్కనుంచి, "అప్పుడు మనుషుల్ని ఆపినాము, ఇప్పుడు మందును ఆపండిరా" అంది.

చరిత్ర చదివి నేను నేర్చుకున్నది కూడా అదే. బావి దగ్గరికి అందరూ రావాలి. మందు మాత్రం రాకూడదు.