రాక్షసుడి ముఖం ఎవరిది?

మన సినిమా చరిత్రలు నటులతో మొదలై నిర్మాతలతో ముగుస్తాయి. రాక్షసుడి ముఖాన్ని తయారుచేసిన చేతులకు వాటిలో చోటులేదు. దీనిని వట్టి మరుపుగా కొట్టివేయరాదు. వేషం కట్టేవాడికీ వేషం తయారుచేసేవాడికీ మధ్య ఏర్పడిన శ్రమ విభజనలో దీని మూలం వున్నది.

తెలంగాణ పల్లెల్లో చిందు యక్షగానమాడే కళాకారుడు చేత అద్దం పట్టుకొని, తన ముఖానికి తానే అర్దళం పూసుకునేవాడు. తేలిక కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు తానే కట్టుకునేవాడు. కులవ్యవస్థ అతడిని వూరి చివరకు నెట్టింది. అయినా ఆట ఆడినంతసేపూ ఆ ముఖం అతడిదే.

సినిమా ఆ బంధాన్ని తెంచింది. ఎన్.టి. రామారావు ముఖం తెలియని తెలుగువాడు లేడు. ఆ ముఖానికి రంగు దిద్దిన పీతాంబరం పేరు ఎందరికి తెలుసు?

రంగుపూత చాలని చోట రబ్బరు వచ్చింది. రబ్బరు పాలను గిలక్కొట్టి నురుగుగా మార్చి గట్టిపరచే పద్ధతిని 1929లో డన్‌లప్ కంపెనీ పరిశోధకులు కనిపెట్టింది పరుపులకోసం, దిండ్లకోసం. దానిని హాలీవుడ్ ముఖాలకు మళ్ళించింది. పని తీరు చెప్పాలి. ముందు నటుడి ముఖానికి ముద్ద పట్టించి అచ్చు తీస్తారు. ముక్కు రంధ్రాలు మాత్రం వదులుతారు. ఆ అచ్చులో పోసిన ప్లాస్టర్ ముఖంపై మట్టితో రాక్షసుడిని మలుస్తారు. దానికి మళ్ళీ మూస. మట్టి తీసివేయగా రెండు మూసల నడుమ మిగిలిన ఖాళీలో, గంధకం కలిపిన రబ్బరు నురుగు నింపి ఓవెన్‌లో గంటలకొద్దీ కాలుస్తారు. బయటికి వచ్చేది దూదివలె తేలికైన చర్మం. నటుడు కనుబొమ ఎగరేస్తే అదీ ఎగురుతుంది. గట్టి ముసుగుకు సాధ్యం కానిది ఇదే. ఇప్పుడు సిలికోన్ దీని చోటును చాలావరకు ఆక్రమించింది.

ఆ పాలు చెట్టునుంచి వాటంతటవి కారలేదు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో విశాఖ, గంజాం ప్రాంతాలనుంచి కంగాణీల వెంట మలయా వెళ్ళిన తెలుగు కూలీలు రబ్బరు తోటల్లో తెల్లవారకముందే చెట్లకు గాట్లు పెట్టారు. హాలీవుడ్ చరిత్రకారులకు ఈ సంగతి పట్టకపోవడంలో వింత లేదు, మనకూ పట్టలేదు.

1968 నాటి ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’లో వానర ముఖాలు చేసిన జాన్ ఛాంబర్స్‌కు ఆస్కార్ వారు గౌరవ బహుమతి యిచ్చారు. మేకప్‌కు ఏటేటా పోటీ బహుమతి మాత్రం 1981 చిత్రాలతోనే మొదలయింది. మన జాతీయ అవార్డులు ఇంకా ఆలస్యం: 1954లో ప్రారంభమైనా, మేకప్‌కు చోటు 2006 చిత్రాలకుగాని దక్కలేదు. ఆపైన 2009 నాటి ‘పా’కు ఆ అవార్డు అందుకున్నది విదేశీ నిపుణులే.

ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలో రామోజీ ఫిల్మ్ సిటీ వెలసింది 1996లో. ‘భారతీయుడు’లో కమల్ హాసన్‌ను వృద్ధుడిగా మార్చడానికి హాలీవుడ్‌నుంచి మైకేల్ వెస్ట్‌మోర్‌ను పిలిపించారు; ఆ సినిమా విడుదలైందీ ఆ సంవత్సరమే. తర్వాత ‘బాహుబలి’ మహాసౌధాలు ఆ నేలమీదే లేచాయి. సెట్టు వేసే వడ్రంగి, రంగుపని మనవాడే. రబ్బరు ముఖం కావలసివస్తే చూపు పడమటికి తిరిగింది. మట్టితో విగ్రహం మలిచే చేతులు మనకు కొరవా? కొరవ పడినది ఓవెనూ, రసాయనాలూ, నేర్పే పాఠశాలా.

ఇంకొకటి. నురుగు రబ్బరు ముఖాన్ని సాయంత్రం పెరికితే అంచులు చిరిగిపోతాయి. మరునాటి షూటింగుకు కొత్తది కావాలి. నటుడు నిద్రపోయే వేళ ఒక పనివాడు ఓవెన్ దగ్గర మేలుకొని వుంటాడు.