దాడి ఆట: పెంకుముక్కలు చెప్పే చరిత్ర



యానాం పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేవి ఫ్రెంచివారు, మంగళవారం సంత, యానాం పెళ్ళిళ్ళు. 1929లో శారదా చట్టం వచ్చాక, అది వర్తించని యానానికి బాల్యవివాహాల కోసం పెళ్ళివారు బళ్ళు కట్టుకుని తరలి వచ్చేవారు. ఇవన్నీ మీరు పెద్దల నోట విన్నవే. ఈవేళ వాటిని కాస్త పక్కన పెట్టి, ఒక చిన్న ఆట గురించి ముచ్చటించుకుందాం. తెలుగువాళ్ళం మనం దాన్ని దాడి అంటాం. ఫ్రెంచివారి పాత భాషలో దాని పేరు మెరెల్. సరిహద్దు దాటి కన్నడదేశం వెళితే సాలుమనె ఆట అంటారు.

ఈ ఆటకు కొనవలసింది ఏమీ లేదు. అరుగు మీద సుద్దముక్కతో పెద్ద చతురస్రం గీయండి. దాని లోపల ఇంకొకటి, దానిలో మరొకటి. నాలుగు వైపులా గీతల నడిమి చోట్లను కలపండి. 24 కూడళ్ళు వస్తాయి. మూడేసి కూడళ్ళున్న వరుసలు 16. ఇద్దరు ఆటగాళ్ళు, చెరి 9 కాయలు. ఒకరివి చింతగింజలు, మరొకరివి పెంకుముక్కలు.

వంతులవారీగా ఒక్కొక్క కాయ పెట్టుకుంటూ పోవాలి. మూడు కాయలు ఒకే వరుసలో పడితే దాడి కట్టినట్టు. వెంటనే ఎదుటివారి కాయ ఒకటి తీసేయవచ్చు. కాయలన్నీ పరిచాక, పక్క కూడలి ఖాళీగా ఉంటే ఒక్క అడుగు జరపాలి. కట్టిన దాడిని విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ఒక కాయ కొట్టవచ్చు. రెండు కాయలే మిగిలినవాడు ఓడినట్టు. కదలడానికి చోటు లేకపోయినా ఓటమే. పావుగంటలో ఆట తేలిపోతుంది. కొన్ని ఊళ్ళలో మూలలను కూడా గీతలతో కలిపి, చెరి 12 కాయలతో ఆడతారు.

ఆట కొత్తవాడు మూలల మీదికి ఎగబడతాడు. మూలనున్న కాయకు దారులు రెండే. నడిమి చతురస్రంలో గీతలు కలిసే చోటుకైతే నాలుగు దారులు. ఆ సంగతి తెలిసిన అమ్మమ్మ ముందు, ఇంగ్లీషు చదువు చదివిన మనవడు చేతులెత్తేయవలసిందే.

ఇక దీని వయసు సంగతి. హంపీ వంటి చోట్ల మంటపాల రాతి నేల మీద ఆటల గళ్ళు చెక్కి ఉంటాయి. గుడి కట్టిన నాడే వాటిని గీశారనుకోకూడదు. నీడపట్టున కూర్చున్న బాటసారి ఎవరైనా, ఎప్పుడైనా గీసి ఉండవచ్చు. రాతి వయసు వేరు, గీత వయసు వేరు. కాగితం మీద ఖాయంగా దొరికే సాక్ష్యం స్పెయిన్‌లో ఉంది. పదో అల్ఫోన్సో రాజు 1283లో పూర్తి చేయించిన ఆటల గ్రంథంలో 9 కాయల ఆట బొమ్మతో సహా కనిపిస్తుంది. షేక్‌స్పియర్ కూడా తన నాటకంలో దీన్ని పేరు పెట్టి తలచుకున్నాడు. 1993లో జూరిక్‌లో రాల్ఫ్ గాసర్ అనే పరిశోధకుడు కంప్యూటర్‌తో లెక్క తేల్చాడు: ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు!

ఫ్రెంచి మాట దగ్గర ఒక తమాషా ఉంది. మెరెల్ అంటే మొదట ఆటలో వాడే బిళ్ళ, చిన్న రాయి. ఆ మాటే మారి మారెల్ అయింది. నేటి ఫ్రెంచిలో మారెల్ అంటే ఏమిటో తెలుసా? మన ఆడపిల్లలు ఆడే తొక్కుడుబిళ్ళ! అంటే పెంకుముక్క అరుగు మీద ఉంటే దాడి, వాకిట్లోకి దిగితే తొక్కుడుబిళ్ళ. వాళ్ళ భాష ఆ రెంటికీ ఒకే మాటను వాడింది.

ఫ్రెంచివారు 18వ శతాబ్దిలో యానాంలో కోఠీ పెట్టారు. మధ్యలో ఇంగ్లీషువారు పట్టుకోవడం, తిరిగి ఇవ్వడం జరిగాయి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో యానాం విమోచన జరిగింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో కలిసింది. ఈ తేదీలు దస్తావేజుల్లో భద్రంగా ఉన్నాయి. కావాలంటే రేపైనా చూసుకోవచ్చు.

దాడి ఆటకు దస్తావేజు ఏదండీ? మీ ఇంట్లో పెద్దావిడ జ్ఞాపకమే. దాడిలో ఉన్న కాయను కొట్టవచ్చా, కూడదా? మూడు కాయలు మిగిలినవాడు ఎక్కడికైనా ఎగరవచ్చా? ఊరూరికీ నియమం మారుతుంది. ఆ తేడాలను వరుసగా పేర్చితే, ఏ ఊరి పిల్ల ఏ ఊరి కోడలై ఆటను వెంట తీసుకువెళ్ళిందో ఆనవాలు దొరుకుతుంది. అరుగులు పోయి గేట్లు వచ్చాయి. ఆవిడ వెళ్ళిపోతే మీ ఊరి నియమం కూడా ఆవిడతోనే వెళ్ళిపోతుంది.

అందుకని ఈ సాయంత్రం ఒక సుద్దముక్క, గుప్పెడు చింతగింజలు తీసుకుని ఆవిడ ముందు కూర్చోండి. ముందు ఓడిపోండి. తరువాత, ఆవిడ చెప్పిన నియమాలను పిల్లల నోటుపుస్తకంలో ఆవిడ మాటల్లోనే రాయించండి. కింద ఊరి పేరు, తేదీ వేయడం మరచిపోకండి.