అవధానం, ధారణ: సంజ్ఞానాత్మక మనోవిజ్ఞాన బోధనలో రెండు పదాల చరిత్ర – ఓరుగల్లు నేపథ్యం

ఉపోద్ఘాతం

డిగ్రీ స్థాయిలో మనోవిజ్ఞానశాస్త్రం చదివే తెలుగు విద్యార్థికి సంజ్ఞానానికి సంబంధించిన అధ్యాయాలలో సంవేదన, ప్రత్యక్షం, అవధానం, స్మృతి, ధారణ, పునఃస్మరణ అనే పారిభాషిక పదాలు ఎదురవుతాయి. వీటిలో అవధానం, ధారణ అతనికి పూర్తిగా కొత్తవి కావు. సాహిత్యసభల ద్వారా అవి తెలుగువారికి చిరపరిచితాలు. అయితే పాఠ్యపుస్తకంలోని అవధానమూ సభలోని అవధానమూ ఒకటేనా? ఈ ప్రశ్నకు సమాధానం పదాల చరిత్రలో ఉంది. ఆ చరిత్రను ఓరుగల్లు నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. ఓరుగల్లులో అవధాన ప్రస్తావన

కోలాచల వంశంలోని ఒక మల్లినాథుడు శతావధానంలో విఖ్యాతుడని, వీరరుద్రుడు అతనిని కనకాభిషేకంతో సత్కరించాడని ఆ వంశవర్ణన తెలుపుతున్నది. ఈ వీరరుద్రుడు 1323 వరకు ఓరుగల్లును పాలించిన కాకతీయ ప్రతాపరుద్రుడేనని, సత్కారం పొందినవాడు ప్రసిద్ధ వ్యాఖ్యాత మల్లినాథసూరికి పూర్వీకుడని పండితుల అభిప్రాయం. ఈ వర్ణన సంఘటన జరిగిన తరువాతి కాలానిది. కాబట్టి నాటి శతావధానం ఏ పద్ధతిలో సాగిందో దీని ఆధారంగా నిర్ణయించలేము. కాని ఏకాగ్రతా స్మృతిశక్తులు రాజసత్కారానికి అర్హమైన విద్యగా గణనకెక్కాయని, ఆ గౌరవాన్ని సంప్రదాయం ఓరుగల్లు ప్రభువుతో ముడిపెట్టిందని మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు.

2. మూడు భాషలలో ఒక శాస్త్రం

1879లో లైప్‌జిగ్‌లో వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలతో ఆధునిక మనోవిజ్ఞానం స్వతంత్ర శాస్త్రంగా నిలబడింది. భారతదేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1916లో దీనికి ప్రత్యేక శాఖను ఏర్పరచింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది. నేడు సుబేదారిలో ఉన్న విశ్వవిద్యాలయ కళాశాలకు మూలం 1927లో ఆ వ్యవస్థలో ఏర్పడిన ఇంటర్మీడియట్ కళాశాల. ఉర్దూ పరిభాషలో మనోవిజ్ఞానం ‘నఫ్సియాత్’, అవధానం ‘తవజ్జుహ్’, స్మృతి ‘హాఫిజా’. 1948 తరువాత ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. ఇంటిలో తెలుగు మాట్లాడే వరంగల్లు విద్యార్థికి ఈ రెండు దశలలోనూ ఉన్నతవిద్య పరభాషలోనే అందింది.

1968లో తెలుగు అకాడమి ఏర్పడడంతో పరిస్థితి మారింది. దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో జన్మించినవారు. కళాశాల స్థాయికి తెలుగు పాఠ్యపుస్తకాలను, పరిభాషను సమకూర్చడం అకాడమి ప్రధాన బాధ్యత. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం అవతరించేనాటికి ఈ కృషి సాగుతూ ఉన్నది.

అదే కాలంలో శాస్త్రం కూడా మలుపు తిరిగింది. కంటికి కనబడే ప్రవర్తననే అధ్యయనం చేయాలన్న ప్రవర్తనావాదం పట్టు సడలింది. తాత్కాలిక స్మృతి పరిమితిపై మిల్లర్ వ్యాసం 1956లో, అవధానాన్ని వడపోతగా వివరించిన బ్రాడ్‌బెంట్ గ్రంథం 1958లో, ఈ శాఖకు పేరును స్థిరపరచిన నైసర్ గ్రంథం 1967లో వెలువడ్డాయి.

3. పదం ఒకటి, భావాలు రెండు

పాఠ్యపుస్తకంలో అవధానమంటే అనేక ఉద్దీపనలలో కొన్నింటిని ఎన్నుకొని, తక్కినవాటిని పక్కనపెట్టడం. 1953లో చెర్రీ రెండు చెవులకు రెండు వేర్వేరు సందేశాలను వినిపించి పరీక్షించినది ఈ ఎన్నికనే. సాహిత్యావధానంలో అవధాని ఏ పృచ్ఛకుడినీ వదలడానికి వీలులేదు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన మొదలైనవాటిని వంతులవారీగా స్వీకరించి, ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం పూర్తిచేస్తాడు. అంటే అవధానాన్ని ఒకచోటినుంచి మరొకచోటికి మళ్ళించి, వదలిన చోటికే తిరిగి రావడం ఇక్కడి నైపుణ్యం. అప్రస్తుత ప్రసంగం ఈ క్రమాన్ని చెదరగొట్టడానికి ఉద్దేశించిన ఆటంకం.

ధారణ విషయంలో భేదం మరింత స్పష్టం. శాస్త్రంలో ధారణ అంటే నేర్చినదానిని నిలుపుకోవడం, దానిని తిరిగి వెలికితీయడం పునఃస్మరణ. సభలో చివర పద్యాలన్నీ అప్పజెప్పడాన్నే ధారణ అంటారు. అక్కడ నిలుపుకోవడం, వెలికితీయడం రెండూ ఒకే పదంలో ఇమిడి ఉన్నాయి. ఈ తేడా చెప్పకపోతే విద్యార్థి రెండు ప్రక్రియలను ఒకటిగా పొరబడే ప్రమాదం ఉంది.

4. బోధనకు ఉపకరించే అంశాలు

1885లో ప్రచురించిన పరిశోధనలో ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరసముదాయాలను కంఠస్థం చేసి విస్మృతిని కొలిచాడు. పద్యధారణ అందుకు భిన్నం. గణాలు లయను, ప్రాస పాదంలోని రెండవ అక్షరాన్ని, యతి మరొక స్థానాన్ని నియమిస్తాయి. ఇన్ని నియమాలు కలిసినప్పుడు సరిపడే పదాల సంఖ్య తగ్గి, వెదకులాట సులువవుతుంది. మౌఖిక సంప్రదాయాలపై 1995లో వెలువడిన గ్రంథంలో డేవిడ్ రూబిన్ ప్రతిపాదించినదీ దాదాపు ఇదే. వ్యస్తాక్షరిలో మాత్రం అక్షరాలు క్రమం తప్పి అందుతాయి, వాక్యం పూర్తయ్యేదాకా అర్థం దొరకదు. అందువల్ల అది ఎబ్బింగ్‌హాస్ పరిస్థితికి కొంత సన్నిహితం. ఒకే వాక్యంలోని అక్షరాలను ఒకసారి చెదరగొట్టి, మరొకసారి వరుసగా వినిపించి, ఎన్ని గుర్తున్నాయో లెక్కించే ప్రయోగాన్ని ఖర్చు లేకుండా తరగతిలోనే చేయించవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అవధాని దీర్ఘసాధన చేసిన వ్యక్తి. అతని సామర్థ్యాన్ని సామాన్య స్మృతికి కొలమానంగా తీసుకోరాదు. అవధానం ఉన్నది కనుక సంజ్ఞానశాస్త్రమంతా పూర్వులకు ముందే తెలుసుననడం కూడా సమంజసం కాదు. నైపుణ్యం వేరు, దానిని పరీక్షించి వివరించే శాస్త్రం వేరు.

ముగింపు

ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు అనే మూడు మాధ్యమాలను వరంగల్లు కళాశాలలు ఒక శతాబ్దంలోపే చూశాయి. ఉన్నతవిద్య మళ్ళీ ఇంగ్లీషు వైపు మొగ్గుతున్న నేటి స్థితిలో, తెలుగు పరిభాష పాత పుస్తకాలకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు విద్యార్థి కోల్పోయేది కొన్ని పదాలను మాత్రమే కాదు, కొత్త భావనను తనకు తెలిసిన అనుభవంతో పోల్చి, రెండింటి తేడాను గుర్తించే అవకాశాన్ని కూడా. మాధ్యమం ఏదైనా, అవధానం, ధారణ అనే పదాలను వాటి చరిత్రతో సహా తరగతిలో చర్చించడం ఆ అవకాశాన్ని నిలుపుతుంది. తెలుగు, మనోవిజ్ఞాన శాఖల అధ్యాపకులు కలిసి చేయదగిన పని ఇది.